సదరు వాహనానికి అంగారక దోషం

మా పెదరేవు రవాణా కార్యాలయంలో ఆ వేసవిలో రెండు ఉత్సాహాలు ఒకేసారి పుట్టాయి. వాటిలో ఏ ఒక్కటి విడిగా వచ్చినా మా కారుకి పెళ్ళయ్యేది కాదు.

మొదటి ఉత్సాహం పాత వాహనాల మీద. ముసలి బళ్ళు రోడ్డు మధ్యలో ఆగిపోయి ప్రగతికి అడ్డం పడుతున్నాయని ఎవరో పెద్దలు ఏదో సభలో బాధపడ్డారట. ఆ బాధ మెట్లు దిగి దిగి మా ఊరు చేరేసరికి 'ఉష్ణ పునఃప్రారంభ పరీక్ష' అయి కూర్చుంది. పాత బండిని ఎండలో తిప్పాలి. బాగా వేడెక్కాక ఆపాలి. అధికారులు టీ తాగి వచ్చాక మళ్ళీ స్టార్టు చెయ్యాలి. స్టార్టయితే ఇంటికి పోవచ్చు. కాకపోతే గేటు పక్కన ఒక క్రేను నిలబెట్టి ఉంచారు, అది ఎత్తుకుపోయి తుక్కు యార్డులో పడేస్తుంది. టీ తాగడం కూడా నిబంధనల్లో ఉందిట, 'విరామ పానీయము' అని.

రెండో ఉత్సాహం భాష మీద. అది తెలుగు మాసోత్సవం. ఆ నెలంతా ఫైళ్ళలో ఒక్క ఇంగ్లీషు మాట కనబడకూడదు. అసలు ఫైలు అనే మాటే తీసేసి 'దస్త్రం' అన్నారు. ఆ దస్త్రాలన్నీ రాసే గుమాస్తా భాస్కరం స్వతహాగా కవి. బ్రేకుల మీద శతకం రాస్తున్నాడు.

ఇక మా కారు సంగతి. ఇప్పటి కార్లలా దానికి కంప్యూటరు లేదు, కార్బురేటరు ఉంది. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి పట్టించే చెంబంత పరికరం అది. ముందు సీటు విడివిడి కుర్చీల్లా కాకుండా బల్లలా ఒకటే పొడుగు. ఆ బల్ల మీద నేను నడుపుతూ ఉంటే పక్కన మా వదిన శేషారత్నం కూర్చుంటుంది. మావారికి స్వయానా అక్క. నేనుండేది కాలవకి ఇటువైపు, ఆవిడుండేది ఊరికి ఆ చివర. ఆవిడ మోకాళ్ళు ఆటో ఎక్కనివ్వవు. కొత్త కార్లలో కూర్చుంటే మళ్ళీ బయటికి తియ్యడానికి నూతిలోంచి చేదినట్టు ఇద్దరు లాగాలి. మా కారు సీటు మాత్రం అరుగెత్తులో ఉంటుంది. కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకుంటే చాలు. కాబట్టి ఆ కారు పోతే వదిన ఆ ఒడ్డున, నేను ఈ ఒడ్డున. మావారు పోయినప్పటి నుంచీ నాకు ఎవరైనా "వెళ్ళొస్తా" అంటే చాలు, ఇంకో కాఫీ పెట్టేస్తాను. రైలు స్టేషను పక్క నుంచి వెళ్ళేటప్పుడు కూడా కళ్ళు అటు తిప్పను.

మరి ఆ కారుకి జబ్బేమిటంటే, పొద్దున్నే తాళం తిప్పగానే లేస్తుంది. దారంతా చక్కగా నడుస్తుంది. ఎక్కడైనా ఆపి, ఒక కాఫీ తాగేంతసేపు ఉంచి, మళ్ళీ తాళం తిప్పామా, కుయ్యి కుయ్యిమంటుంది తప్ప లేవదు. చల్లారాక ఏమీ ఎరగనట్టు లేస్తుంది. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఒక మోటారు మరమ్మతుల పుస్తకం పట్టుకుని నేనే కూర్చుని చదివాను. వేడిలో స్టార్టు కాని కారుకి ముఖ్యంగా రెండు జబ్బులుంటాయట. పైపులో పెట్రోలు ఆవిరై పైకి రాకపోవడం ఒకటి. కార్బురేటరులో పెట్రోలు మరిగి పొంగి, ఇంజను గొంతులోకి కారి ముంచెయ్యడం రెండోది. రెంటిలో ఏదో తెలియాలంటే ఆపిన కాసేపటికి గాలి డబ్బా మూత తీసి వాసన చూడమంది పుస్తకం.

వదిన మూత తీసి ముక్కు పెట్టింది.

"ఎండబెట్టావనుకున్నావేమో మాణిక్యం, తలారా స్నానం చేయించావు. పెట్రోలే పెట్రోలు."

అయితే రెండోది. అలాంటప్పుడు యాక్సిలరేటరు అదే పనిగా కొట్టకూడదు, కొట్టిన కొద్దీ ఇంకా పోస్తుంది. ఒక్కసారి అడుగంటా నొక్కి అలాగే పట్టుకుని తాళం తిప్పాలి. శాశ్వతంగా పోవాలంటే కార్బురేటరు కింద వేడి ఎక్కనివ్వని మందపాటి పాకింగు ముక్క ఒకటి వెయ్యాలి. ఆ ముక్క కూడా కొనుక్కొచ్చాను. ఇవాళ రేపు అంటూ బిగించలేదు. వంటింట్లో వేడి గిన్నె కింద పెట్టుకోవడానికి బాగా పనికొచ్చింది.

బిగించే తొందరా మాకు లేదు. వదినని మా ఇంటికి తీసుకొస్తాను కదా, వచ్చిన పని అయిపోగానే ఆవిడ లేచి, "పద, దింపేద్దువుగాని" అని బానెట్టు మీద అరచెయ్యి వేస్తుంది. చెయ్యి కాలితే ఇంకా కూర్చోవాలి. కాలకపోతే బయల్దేరాలి. మా ఇద్దరికీ అదే గడియారం.

పరీక్షకి వెళ్ళిన రోజు ఎండ మండిపోతోంది. మా ముందున్న బండాయన క్లచ్చి జారుతోందంటే భాస్కరం 'సదరు వాహనమునకు పట్టుదల లోపించినది' అని రాశాడు. క్రేను దాన్ని ఎత్తుకుపోయింది. ఆయన టోపీ సీట్లోనే ఉండిపోయింది పాపం.

మా కారుని ఆవరణలో తిప్పించారు, ఆపించారు, టీ తాగి వచ్చారు. తాళం తిప్పాను. చూసేవాళ్ళందరూ ఉంటే మనకి తెలిసినదంతా ఎక్కడికి పోతుందో గాని, కంగారులో నేనే యాక్సిలరేటరు దబదబా కొట్టేశాను. కుయ్యి కుయ్యి.

"లోపమేంటండీ మామ్మగారూ?" అన్నాడు భాస్కరం కలం ఎత్తి.

"కార్బురేటరు బాబూ. వేడెక్కుతుంది."

"ఆ మాట రాయకూడదండి. తెలుగులో చెప్పండి."

"తెలుగులో కూడా అంతే కదా నాయనా!"

భాస్కరం కళ్ళు మూసుకున్నాడు. "కార్బన్ అంటే ఏంటండీ? బొగ్గు. బొగ్గు మరీ నాటుగా ఉంటుంది. అంగారం అందాం. అంగారం కలది... అంగారకం!" కళ్ళు తెరిచేసరికి తడిగా ఉన్నాయి. కవులకి మాట దొరికితే అంతే కాబోలు. గబగబా రాసేశాడు: 'సదరు వాహనమునందు అంగారక దోషము కలదు. వేడి సోకినపుడు విజృంభించును.'

ఆ కాగితం అధికారి సర్వోత్తమరావు గారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చదివారు.

"అంగారక దోషమంటే కుజ దోషం కదటయ్యా!"

"వేడికి విజృంభిస్తుందని కూడా ఉందండి," అన్నాడు భాస్కరం.

"విజృంభించక ఏం చేస్తుంది? అగ్ని గ్రహం."

నేను నోరు తెరిచాను. కుజుడు కాదండీ, చెంబంత పరికరం, పాకింగు వేస్తే పోతుంది అని చెబుదామని. వదిన నా తొడ మీద గట్టిగా గిల్లింది. "కాస్త నోరు కట్టుకో. ముందు అటు చూడు," అంది చెవిలో. అటు చూస్తే క్రేను కొక్కెం మా కారు మీద ఊగుతోంది.

సర్వోత్తమరావు గారు లేచి నిలబడ్డారు. కూర్చుని నిర్ణయాలు చెప్పే అలవాటు ఆయనకి లేదు. "దోషము గల వాహనమును పరిహారము జరుపకుండా తుక్కునకు పంపినచో, సదరు దోషము శాఖకు సంక్రమించు ప్రమాదము కలదు. కావున పరిహారము పూర్తియగు వరకు తుక్కు నిలుపుదల చేయడమైనది. దస్త్రమును దేవాదాయ శాఖ వారి అభిప్రాయార్థము పంపవలెను."

కొక్కెం పైకి లేచింది. ఆ క్షణంలో కారుని కాశీ పంపమన్నా సరేననేదాన్ని.

దేవాదాయ శాఖ నుంచి సోమసుందర సిద్ధాంతి గారు వచ్చారు. కారు పుట్టిన తేదీ అడిగారు. రిజిస్ట్రేషను తేదీ చెప్పాను. పుట్టిన ఘడియ అడిగారు. షోరూములోంచి బయటికొస్తుంటే పక్క హోటల్లో ఇడ్లీలు దింపుతున్నారని మావారు చెప్పేవారు, అదే చెప్పాను. ఆయన కారు ముందు నిలబడి బంపరు దగ్గర్నించి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంటూ వచ్చి కార్బురేటరు దగ్గర ఆగారు.

"ఏడో స్థానం. సాక్షాత్తూ కళత్ర స్థానంలో కూర్చున్నాడు. దీనికి వివాహం అయిందా?"

"లేదండీ."

"మరే! అదీ సంగతి."

పరిహారాలు చాలా ఉన్నాయట. అరటిచెట్టుకిచ్చి చెయ్యొచ్చుగాని ఈడూ జోడూ కుదరదన్నారు. అన్నిటికన్నా మేలైనది, అదే దోషం ఉన్న సంబంధం చూసి ముడిపెట్టడం. రెండు వైపులా ఉంటే దోషం దోషాన్ని తినేస్తుందట.

అప్పుడు రవాణా శాఖ డ్రైవరు గంగరాజు ముందుకొచ్చాడు. "ఆయ్, మన జీపుక్కూడా అదేనండి. ఎండలో ఆపితే మరి లేవదండి. అయ్యగారు తనిఖీకెళ్ళి ఎన్నిసార్లు ఇటిక లారీ ఎక్కి రాలేదండి!"

సర్వోత్తమరావు గారు దగ్గారు. మరి ఆ జీపుకి పరీక్ష ఎందుకు పెట్టలేదని వదిన అడిగింది. పరీక్ష పెట్టేది శాఖ కనుక శాఖ వాహనములకు వర్తించదని ఆయన చెప్పారు.

అలా సంబంధం కుదిరింది. ఆ రోజు నుంచి రవాణా కార్యాలయమంతా మగపెళ్ళివారైపోయింది. ఎవరూ నేర్పలేదు. మర్నాటికే వాళ్ళ నడకలు మారిపోయాయి. అంతకు ముందు నన్ను "మామ్మగారూ" అన్న భాస్కరం "ఆడపెళ్ళివారెవరండీ ఇక్కడ?" అని పిలవడం మొదలుపెట్టాడు. పెళ్ళిచూపులకి మా ఇంటికి జీపులో వచ్చారు. కాఫీ చల్లారిందని ఒకరూ, పంచదార తక్కువని ఒకరూ మూతులు తిప్పుకున్నారు.

"అమ్మాయి పాడుతుందాండీ?" అంది సర్వోత్తమరావు గారి భార్య.

నేను హారను కొట్టాను.

"కంఠం బాగానే ఉంది," అందావిడ. "కొంచెం బొంగురు."

"మీ వాడు పాడితే వినాలనుంది మాకు కూడా," అంది వదిన. గంగరాజు జీపు హారను నొక్కాడు. లోపల ఎక్కడో ఎలక అరిచినట్టయింది. ఆ తరవాత కాఫీ గురించి ఎవరూ మాట్లాడలేదు.

రెండు అవాంతరాలు వచ్చాయి. మొదటిది వయసు. పెళ్ళికూతురు పెళ్ళికొడుకు కన్నా పెద్దది. జీపు తేదీ చెరిగిపోయిందని, చూడబోతే అదే పెద్దదై ఉండవచ్చునని భాస్కరం నివేదిక రాశాడు. పెళ్ళి సంబంధాలలో ఈ మాత్రం సవరణ ఉన్నదే. రెండోది గోత్రం. తయారుచేసిన కంపెనీ రెండింటికీ ఒకటే. సగోత్రం! సిద్ధాంతి గారు పంచాంగం మూసేశారు. నాకు మళ్ళీ క్రేను కొక్కెం కనబడింది.

"దీని ఇంజను మార్చాం కదే మాణిక్యం, వేరే కంపెనీది వేయించాడు మా తమ్ముడు," అంది వదిన.

"ఎప్పుడు?" అన్నారు సిద్ధాంతి గారు.

"చాలా కాలమైందండీ."

"అయితే దత్తత వెళ్ళినట్టే!" సిద్ధాంతి గారు పంచాంగం తెరిచారు. "దత్తత వెళితే గోత్రం మారిపోతుంది. ముహూర్తం పెట్టుకోండి."

అంతా సర్దుకుందనుకుని ఊపిరి పీల్చుకుంటుండగా సర్వోత్తమరావు గారు ముగింపు వాక్యం చదివారు: "వివాహానంతరము వధువును వరుని నివాసమైన శాఖా ఆవరణకు తరలించవలెను."

శాఖా ఆవరణ అంటే మామిడి తోపు కాదు కదా. ఒక పక్క గోడ, ఆ గోడకి అవతల తుక్కు యార్డు. క్రేను నుంచి తప్పించి అత్తవారి చేతుల్లో పెట్టినట్టయింది. ఏ దారిన వెళ్ళినా కారు గుమ్మం దాటుతుంది, వదిన ఆ ఒడ్డున ఉండిపోతుంది. ఆ సాయంత్రం అంతా ఏదో ఒకటి పాడుచేసుకుంటూనే ఉన్నాను. పాలు పొంగించాను, చారులో ఉప్పు రెండుసార్లు వేశాను.

వదిన మాత్రం చారు తాగేసి, సిద్ధాంతి గారికి ఫోను చేసింది. "అయ్యా, అభిజిత్ లగ్నాన్ని మించినది లేదంటారు కదండీ? మిట్టమధ్యాహ్నం పెట్టించండి. ఆడపెళ్ళివారి కోరిక. ముహూర్తానికి ముందు వధూవరులిద్దరికీ ఎండలో ఊరేగింపు కూడా. బాగా పొడుగ్గా ఉండాలండోయ్."

ఫోను పెట్టేసి నా వైపు చూసింది. వేడి గిన్నె కింద పాకింగు ముక్క వైపు చూసింది. చారు గిన్నెని దాని మీద ఇంకాస్త సర్దింది.

పెళ్ళి మా వీధిలో జరిగింది. ఊరేగింపు ఊరంతా తిరిగి వచ్చేసరికి కారూ జీపూ పొయ్యి మీది పెనాల్లా ఉన్నాయి. బానెట్ల మీద జీలకర్ర బెల్లం పెట్టగానే జీలకర్ర వేగి కమ్మటి వాసన వచ్చింది. బెల్లం పాకమైంది. సిద్ధాంతి గారు వేలు కాల్చుకుని మంత్రం మధ్యలో మంత్రం కాని మాట ఒకటి అన్నారు. మంగళసూత్రం రేడియేటరు జాలీకి కట్టారు. తలంబ్రాలు పోస్తుంటే మా వాళ్ళు ఓడిపోకూడదని వదిన జీపు మీద రెండు చేటలు పోయించింది. అరుంధతిని చూపించాలి కనుక హెడ్‌లైట్లు వెలిగించి ఆకాశం వైపు చూడమన్నారు. మిట్టమధ్యాహ్నం. అందరం చూశాం. కనబడిందని సర్వోత్తమరావు గారు ధ్రువీకరించారు.

అప్పగింతలు వచ్చాయి. పళ్ళెంలో పాలు తెచ్చి, కారు స్టీరింగుకి రాసి, ఆ చేతులతో సర్వోత్తమరావు గారి చేతులు పట్టుకున్నాను. ఏడవాలని నేను అనుకోలేదు. అదంతా బొగ్గుకి ఒక గుమాస్తా పెట్టిన పేరని నాకు తెలుసు. అయినా ఏడుపొచ్చింది. "జాగ్రత్తండీ," అన్నాను. "వానాకాలంలో కుడి వైపు తలుపు బిగుసుకుంటుంది. గట్టిగా లాగకండి. కొంచెం పైకెత్తి లాగితే వస్తుంది." బ్రేకుల శతకకర్త భాస్కరం నాకన్నా గట్టిగా ఏడ్చాడు.

సర్వోత్తమరావు గారు పాలు కారుతున్న చేతులతో నిలబడి అన్నారు: "వధువును శాఖ సముచిత రీతిని సంరక్షించునని ఇందుమూలముగా హామీ ఇవ్వడమైనది."

గంగరాజు కారెక్కి తాళం తిప్పాడు.

కుయ్యి. కుయ్యి కుయ్యి.

వదిన కిటికీ దగ్గరికి వెళ్ళింది. "యాక్సిలరేటరు కొట్టు బాబూ. కొట్టు, కొట్టు. ఇంకా గట్టిగా."

"కొడతన్నానండి పెద్దమ్మగారూ!"

"మరీ మొహమాటపడుతున్నావు. పెళ్ళివారం కదా, దబదబా కొట్టు."

వీధంతా పెట్రోలు వాసన. కుయ్యిమనడం కూడా మానేసింది కారు.

"అయితే ముందు పెళ్ళికొడుకుని బయల్దేరదీయండి, తాడు కట్టి లాక్కుపోదాం," అన్నారు సర్వోత్తమరావు గారు. గంగరాజు జీపెక్కాడు. వదిన ఆ కిటికీ దగ్గరికి కూడా వెళ్ళింది. జీపు రెండుసార్లు మూలిగి ఊరుకుంది. క్రేనుకి కబురు పెట్టారు. అది మా వీధి మొగలో ఆగి, దారి అడగడానికి ఇంజను ఆపి, మళ్ళీ లేవలేదు. అదీ పాతదే.

నీడ లేని వీధిలో మగపెళ్ళివారు చెమటలు కారుస్తూ నిలబడ్డారు. సిద్ధాంతి గారు వేళ్ళు మడిచి చూసుకున్నారు. "వధువు గడప దాటనంటోంది. వరుడు వధువుని విడిచి కదలనంటున్నాడు. బలవంతం చేస్తే దోషం తిరగబెడుతుంది. ఇది ఇల్లరికం యోగం."

"శాఖా ఆస్తి ఇల్లరికము పోవుటకు నిబంధన కలదా?" అన్నారు సర్వోత్తమరావు గారు.

"లేదని కూడా లేదండి," అన్నాడు భాస్కరం ముక్కు చీదుకుంటూ. కళ్ళు మూసుకుని, తెరిచాడు. "డిప్యుటేషన్‌ని తెలుగులో ఇల్లరికం అనొచ్చండి!"

అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. కాగితం జీపు బానెట్టు మీదే పెట్టి రాయడం వల్ల దాని మీద ఇప్పటికీ బెల్లం మరక ఉంది. 'దోష పరిహారము శాస్త్రోక్తముగా జరిగినది. వధువు యోగ్యము. వరుడు ఇల్లరికము.'

ఆ తరవాత రవాణా శాఖకి బండి లేదు. తనిఖీకి వెళ్ళాలంటే సర్వోత్తమరావు గారే పొద్దున్నే మా ఇంటికి వచ్చి జీపు తీసుకెళతారు. తిరిగి వచ్చేసరికి వేడి, మళ్ళీ ఇంకో పనికి బయల్దేరడానికి లేదు. మా వరండాలో కూర్చుని మజ్జిగ తాగుతారు. అల్లుడి తరఫు బంధువు కనుక గ్లాసు పక్కన ఒక చెగోడీ కూడా పెడతాను. కార్యాలయం నోటీసు బోర్డు మీద పరీక్షా ఫలితాలు తీసేసి సంబంధాలు అంటిస్తున్నారు. 'పాత లారీ. అంగారక దోషము. నెమ్మదస్తురాలు. తగిన ట్రాక్టరు కావలెను.' పట్టుదల లోపించిన కారుని కూడా యార్డులోంచి వెనక్కి తెచ్చి టోపీతో సహా ఆయనకి ఇచ్చేశారట, ఏదో బండికి రెండో సంబంధంగా కుదిర్చి. మొన్న క్రేను డ్రైవరు గుమ్మంలో నిలబడి, బుగ్గ గోక్కుంటూ, మా వైపు తెలిసినవాళ్ళలో పొడుగు సంబంధం ఏదైనా ఉందా అని అడిగి వెళ్ళాడు.

నిన్న వదిన వచ్చింది. అప్పడాలు ఒత్తుకున్నాం, ఎండబెట్టుకున్నాం, భోంచేశాం, పడుకుని లేచాం. కాఫీ తాగాం. నీడలు వీధి దాటి అవతల గోడ ఎక్కాయి.

"వెళ్ళొస్తానే మాణిక్యం," అంది వదిన, లేచి.

నేను గిన్నె కింది నుంచి పాకింగు ముక్క తీసి తుడుస్తున్నదాన్ని, ఆగిపోయాను. ఆవిడ వీధిలోకి వెళ్ళి, మంగళసూత్రం వేలాడుతున్న జాలీ పక్కగా వంగి, బానెట్టు మీద అరచెయ్యి వేసింది. పొద్దున తొమ్మిదింటికి ఆపిన కారు. దాని మీద పిల్లి పడుకుని నిద్రపోతోంది.

వదిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని ఊదుకుంది.

"అబ్బో, కాలిపోతోందే!" అంది, వచ్చి మళ్ళీ కూర్చుని.